పార్తగాస్ సీరీ డి నంబర్ 4: కర్నూలు గాలిలో ఒక హవానా చుట్ట

పార్తగాస్ సీరీ డి నంబర్ 4 అనే ఈ క్యూబా చుట్ట (సిగార్) గురించి ముందుగా నా తీర్పు చెప్పి, ఆ తరువాత కారణాల్లోకి వెళతాను. నిండైన రుచి గల హవానా చుట్టల్లో ఇంత నిలకడగా, మొదటి నుంచి చివరి దాకా మెల్లమెల్లగా రుచిని విప్పే చుట్టలు నేను కాల్చినవాటిలో అరుదు. అయితే కర్నూలులో కాల్చేవారికి ఆ మంచితనం దానంతట అది దక్కదు. చుట్టను ఎలా దాచారు, కాల్చే ముందు ఏం తిన్నారు, ఏ గాలిలో వెలిగించారు అన్న మూడు సంగతులు కుదిరితేనే నాలుగంకెల ధరకు తగిన వస్తువు చేతిలో ఉందనిపిస్తుంది. కుదరకపోతే నోట్లో ఘాటు తప్ప మరేమీ మిగలదు. చల్లని దేశాల్లో కూర్చుని రాసే సమీక్షలు మొదటి సంగతిని ఒక్క వాక్యంలో దాటేస్తాయి, మిగిలిన రెండింటినీ దాదాపు పట్టించుకోవు. అందుకే ఇక్కడ వాటికే ఎక్కువ చోటు ఇస్తున్నాను.

పార్తగాస్ హవానాలోని పాత పేర్లలో ఒకటి. హైమే పార్తగాస్ 1845లో నెలకొల్పిన ఈ సంస్థ, 1960లో క్యూబా ప్రభుత్వం చుట్టల పరిశ్రమను జాతీయం చేసినప్పుడు ప్రభుత్వపరమైంది. ఇప్పుడు క్యూబా చుట్టలను ప్రపంచమంతటా అమ్మే హబానోస్ ఎస్.ఎ. ద్వారానే ఇదీ బయటికి వస్తుంది. కొలతలో ఇది రోబుస్టో, అంటే పొడవు 124 మిల్లీమీటర్లు, లావు 50 గేజీ. గేజీ అంటే అంగుళంలో 64వ వంతు కాబట్టి ఈ చుట్ట మందం ఇంచుమించు 20 మిల్లీమీటర్లు. పొట్టిగా, బలంగా, ఎర్రటి పట్టీతో ఉండే ఈ చుట్టను చూడగానే హడావుడి లేని సరుకు అనిపిస్తుంది. పైఆకు ముదురు గోధుమ రంగులో ఉంటుంది, వేలితో రాస్తే సన్నటి నూనెతనం తగులుతుంది. వెలిగించక ముందు వాసన చూస్తే పశువుల కొట్టంలో ఎండుగడ్డి, కొత్త తోలు, కొంచెం కోకో కలిసిన వాసన వస్తుంది. కొట్టం వాసన అన్నానని ఎవరూ ముఖం చిట్లించుకోనవసరం లేదు, మంచి పొగాకును బాగా పులియబెడితే వచ్చే వాసనే అది.

చుట్టల వ్యాపారంలో ఫుల్ బాడీ, అంటే నిండుదనం, అనే మాట తరచుగా వినిపిస్తుంది. దానిని చాలామంది ఘాటుతో కలిపేస్తారు. ఘాటు అనేది నికోటిన్ పని. తలలోనూ కడుపులోనూ తెలుస్తుంది. నిండుదనం నోటి సంగతి. పొగ నాలుక మీద ఎంత బరువుగా, ఎంత చిక్కగా కూర్చుంటుంది, వదిలిన తరువాత ఎంతసేపు నిలుస్తుంది అన్నదే అక్కడ లెక్క. నిండుదనం లేకుండా ఘాటు మాత్రమే ఉన్న చుట్టలు మన సంతల్లో కావలసినన్ని దొరుకుతాయి. ఈ చుట్టలో రెండూ ఉన్నాయి, కానీ నిండుదనం ముందు వస్తుంది, ఘాటు వెనుక నడుస్తుంది. ఆ వరుసే దీనికి విలువ తెచ్చిందని నా అభిప్రాయం.

ఆ వరుస ఆకును బట్టి వస్తుంది. క్యూబా పశ్చిమ భాగంలో పినార్ దెల్ రియో ప్రాంతంలోని వుయెల్తా అబాహో నేలల్లో పండే పొగాకు మొక్కలో కింది ఆకులను వొలాదో అనీ, మధ్య ఆకులను సెకో అనీ, మొక్క కొనన ఉండే ఆకులను లిహెరో అనీ విడదీస్తారు. వొలాదో బాగా కాలడానికి పనికివస్తుంది, సెకో సువాసన ఇస్తుంది. ఎండను ఎక్కువగా తిన్న లిహెరో మందంగా, నూనె పట్టి, ఆలస్యంగా కాలుతూ బలాన్ని ఇస్తుంది. నిండైన రుచి గల చుట్టలో లిహెరో పాలు ఎక్కువ. అది ఆలస్యంగా కాలే ఆకు కాబట్టి చుట్టేవారు దానిని సరిగ్గా నడిమధ్యలో పెడతారు. పక్కకు జరిగితే చుట్ట ఒకవైపే కాలుతుంది. చుట్టకు తొడిగే పైఆకును మాత్రం బట్ట పందిళ్ల నీడలో విడిగా పెంచుతారు. కోసిన ఆకును కొట్టాల్లో వేలాడదీసి ఆరబెట్టి, కుప్పలు వేసి పులియబెట్టి, అమోనియా వాసన పోయాక మళ్లీ నిల్వ చేస్తారు. లిహెరోకు ఆ నిల్వ కనీసం రెండేళ్లు. కర్నూలు సోనా కొత్త బియ్యానికీ పాత బియ్యానికీ ఉన్న తేడా ఎరిగినవారికి ఈ రెండేళ్లు ఎందుకో చెప్పనక్కరలేదు.

మనకు పొగాకు పరాయిది కాదు. గోదావరి లంకల్లో పండే లంక పొగాకు చుట్టల కోసమే పేరుపొందింది. మన పక్కనే నంద్యాల ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో పొగాకు మీద కూడా పరిశోధన జరుగుతుంది. కాబట్టి హవానా చుట్టను మన చుట్ట పక్కన పెట్టి చూడాలన్న కోరిక సహజమే. మా వీధిలో జీవితమంతా నాటు చుట్ట కాల్చిన ఒక పెద్దాయన చేతికి ఈ చుట్ట ఒకటి ఇచ్చాను. ఆయన నాలుగు దమ్ములు వరుసగా లాగి, "ఏమబ్బీ, దీంట్లో కారమే లేదే, దీనికా అంత దుడ్డు?" అన్నారు. "పెద్దనాయనా, నిదానంగా లాగండి, నిమిషానికి ఒక దమ్ము చాలు" అని చెప్పాను. సగం దాకా వచ్చాక ఆయనే చుట్టను కళ్ల ముందు తిప్పి చూసి, "ఉందిలే, దొంగమాదిరి వెనక నుంచి వస్తాంది" అన్నారు. ఈ చుట్ట గురించి నేను చదివిన వర్ణనలన్నింటిలోకి ఇదే సరైనది. అయితే ఆయన మళ్లీ తన చుట్టకే వెళ్లిపోయారు. నాటు చుట్ట పని చేసుకుంటూ కాల్చేది, ఆరిపోతే మళ్లీ వెలిగించేది. ఇది ఒకచోట కూర్చోబెట్టేది. కూర్చునే ఓపిక లేనివారికి దీని ధర వృథా.

ఇక దాచడం. చుట్టకు చుట్టూ ఉండే గాలిలో తేమ 65 నుంచి 70 శాతం ఉండాలి. కర్నూలులో మే నెల మధ్యాహ్నం ఎండ 42 డిగ్రీలు దాటినప్పుడు గాలిలో తేమ ముప్పై శాతం కూడా ఉండదు. ఆ గాలికి వదిలిన చుట్ట కొద్ది రోజుల్లోనే బిరుసెక్కుతుంది, పైఆకు పగులుతుంది, నూనెలు ఆవిరైపోతాయి. పోయిన తేమను మళ్లీ మెల్లగా ఎక్కించవచ్చు కానీ పోయిన నూనెలు తిరిగి రావు. కర్నూలులో ఈ తరహా చుట్టలను తేమపెట్టెలో పెట్టి అమ్మే దుకాణం నా కంటపడలేదు; 44వ జాతీయ రహదారి మీద ఉన్నాం కాబట్టి అటు హైదరాబాదు నుంచో ఇటు బెంగళూరు నుంచో తెచ్చుకోవలసిందే. ఒక పెద్ద నగరంలోని దుకాణంలో అద్దాల అలమారలో అందంగా పేర్చిన చుట్టలు కొన్నప్పుడు, ఇంటికి వచ్చి వేళ్ల మధ్య నొక్కితే ఎండుటాకు చప్పుడు వినిపించింది. ఆ అలమారలో దీపాలు ఉన్నాయి గానీ తేమ కొలిచే ముల్లు లేదు. అమ్మేవారు వాటిని వెనక్కి తీసుకోలేదు సరికదా, "సిగార్ అంటే అట్లే ఉంటుంది సార్" అని సమాధానం చెప్పారు. అందువల్ల కొనేటప్పుడు అమ్మేవారి అనుమతితో చుట్టను రెండు వేళ్ల మధ్య తేలికగా నొక్కి చూడండి. మెత్తగా లొంగి మళ్లీ లేవాలి. చప్పుడు చేస్తే కొనకండి. కొనే చోట తేమ కొలిచే పరికరం కనిపించకపోతే ధర ఎంత తగ్గించినా కొనకండి.

ఇంట్లో దేవదారు చెక్కతో చేసిన ఖరీదైన పెట్టె అవసరమని కొందరు అంటారు. మన వేసవిలో నాకు ఆ పెట్టె కంటే గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బాయే నమ్మకంగా పనిచేసింది. చెక్కపెట్టె మూత సందుల్లోంచి మన పొడిగాలి తేమను పీల్చేస్తుంది, వారం వారం నీరు పోసే చాకిరీ మిగులుతుంది. డబ్బాలో తేమను సమంగా ఉంచే 65 శాతం పొట్లం ఒకటి వేసి, చుట్టలతో వచ్చిన దేవదారు పలక ముక్క ఒకటి పెడితే చాలు. అసలు కష్టం తేమ కంటే వేడితో వస్తుంది. పొగాకులో కంటికి కనిపించని పురుగు గుడ్లు ఉండవచ్చు. వేడి ఇరవై నాలుగు డిగ్రీలు దాటితే అవి పొదిగే ప్రమాదం పెరుగుతుంది, పొదిగిన పురుగు చుట్టలో సూది దూర్చినట్టు గుండ్రటి రంధ్రాలు చేస్తుంది. ఒక చుట్టలో మొదలైతే డబ్బా మొత్తం పోతుంది. మే నెలలో ఇంట్లో ఇరవై నాలుగు డిగ్రీలు ఏసీ గదిలో తప్ప ఎక్కడ ఉంటుంది? కాబట్టి ఏసీ గదిలోనే, గాలి నేరుగా తగలని అలమార అడుగున డబ్బాను ఉంచుతున్నాను. కరెంటు పోయిన పూట దాని చుట్టూ తడి లేని దుప్పటి చుట్టిపెడతాం. ఇంట్లోవారు దీనిని ఎలా చూస్తున్నారన్నది ఈ సమీక్షకు సంబంధం లేని విషయం.

ఏం తిన్నాక కాల్చాలన్న ప్రశ్నకు నా జవాబు రాగిసంగటి, నాటుకోడి పులుసు. ఖాళీ కడుపున ఇలాంటి చుట్ట ముట్టకూడదు. చెమటలు పట్టి, కడుపులో తిప్పి, చుట్టనే తిట్టుకుంటారు. దోసె, ఉగ్గాని వంటి తేలిక ఫలహారం కూడా దీనికి చాలదు. సంగటి కడుపులో బరువుగా కూర్చుంటుంది, పులుసులోని మిరియం, ధనియాల రుచి నాలుక మీద ఇంకా ఉండగానే చుట్టలోని మిరియపు రుచి దానితో కలిసిపోతుంది. పక్కన పాలు లేని కాఫీ, కొంచెం బెల్లం వేసుకుంటే సరిపోతుంది. బెల్లం రుచి కోసమే కాకుండా మరొకందుకు కూడా అక్కర వస్తుంది. తల తిరగడం మొదలైనప్పుడు చిన్న బెల్లం ముక్క నాలుక మీద వేసుకుంటే కొంత నిలకడ వస్తుందని చుట్ట అలవాటున్నవాళ్లు చెబుతారు. విస్కీ పక్కన పెట్టుకునేవారు చాలామందే ఉన్నారు. నా మటుకు నాకు ఈ చుట్టకు విస్కీ అడ్డంగా నిలుస్తుంది, రెండు గొంతులు ఒకేసారి మాట్లాడినట్టవుతుంది.

వెలిగించడానికి మిద్దె మీద సాయంత్రం మంచి చోటు, కానీ గాలి చూసుకోవాలి. కింద గదిలో కూలర్ ముందు గానీ, తిరుగుతున్న ఫ్యాన్ కింద గానీ కాల్చితే నిప్పు ఒకవైపుకు పరుగెత్తుతుంది, పొగ వేడెక్కి నాలుకను కొరుకుతుంది. మూసే కొసన గుండ్రంగా అతికించిన చిన్న టోపీని రెండు మిల్లీమీటర్ల మేర మాత్రమే కోయాలి. కొస వంపు ముగిసే భుజం దాకా కోస్తే పైఆకు విప్పుకుంటుంది. పెట్రోలు లైటరు వాసన మొదటి దమ్ములన్నింటినీ పాడుచేస్తుంది కాబట్టి గ్యాసు లైటరు గానీ పొడుగాటి అగ్గిపుల్ల గానీ వాడాలి. మంటను కొసకు తాకించకుండా, కొంచెం దూరంగా ఉంచి, చుట్టను మెల్లగా తిప్పుతూ అంచు అంతా నల్లబడి ఎర్రబడే దాకా వేచి ఉండాలి. ఈ పనికి తొందర పనికిరాదు.

మొదటి దమ్ముల్లో మిరియం ముందు వస్తుంది, దాని వెంటనే మట్టి రుచి. మిరియం నాలుక మీద కంటే ముక్కులో ఎక్కువ తెలుస్తుంది. నోట్లో నింపుకున్న పొగలో కొంచెం, చాలా కొంచెం, ముక్కు గుండా వదిలితే ఎండుమిరప గింజ కొరికినట్టు ఒక చురుకు వస్తుంది, కళ్లలో తడి ఆడుతుంది. ఆ చురుకు కాసేపటికి తగ్గి, తోలు, కాల్చిన చెక్క, పాలు లేని కాఫీ చేదు బయటపడతాయి. ఇక్కడ ఒక విషయం దగ్గరగా చూడవచ్చు. బూడిదను దులపకుండా అలాగే వదిలేస్తే అది తెల్లబూడిద రంగులో, కాలిన ఆకు వరుసలు స్పష్టంగా కనిపించేటట్టు, చుట్టకు అంటిపెట్టుకుని నిలుస్తుంది. పొడవాటి ఆకులతో చుట్టారనడానికి అది గుర్తు, ముక్కల పొగాకుతో చుట్టినది పొడిపొడిగా రాలుతుంది. ఒకటిన్నర అంగుళం పెరిగిన తరువాత బూడిదను పళ్లెం అంచుకు మెల్లగా ఒత్తితే మొత్తం ఒకే ముద్దగా విడిపోతుంది. అప్పుడు నిప్పును చూడండి. అది చదునుగా ఉండదు, మధ్యలో మొనదేలి ఉంటుంది. ఆలస్యంగా కాలే లిహెరో నడిమధ్యన ఉందని ఆ మొనే చెబుతుంది. మొన ఒక పక్కకు వాలి ఉంటే ఆకు సర్దుబాటు తప్పిందని అర్థం. నా చుట్టల్లో అది నిటారుగానే ఉంది, నిప్పు గీత చివరి దాకా పెద్దగా వంకర పోలేదు.

మధ్య భాగమే ఈ చుట్టకు ప్రాణం. పొగ చిక్కబడుతుంది, చల్లగా ఉంటుంది, కాఫీ చేదు వెనుక నుంచి పాకం పట్టిన బెల్లం లాంటి తీపి ఒకటి వచ్చి పోతుంటుంది, వేయించిన వేరుశనగ పొట్టు రుచి వస్తుంది. ఇక్కడ నిమిషానికి ఒక దమ్ము మించితే ఆ తీపి కనిపించకుండా పోతుంది. అది తెలియక చాలామంది ఈ చుట్టను కేవలం ఘాటైనదిగా లెక్కకట్టి పక్కన పెడతారు. మూడవ భాగంలో మిరియం తిరిగి వస్తుంది, కాఫీ చేదు మాడిన గింజ చేదుగా మారుతుంది, నికోటిన్ తన పని మొదలుపెడుతుంది. పట్టీ తీసేసి ఇంకొంచెం కాల్చేవారు ఉన్నారు. నేను మూడవ భాగంలో సగానికే ఆపుతాను. ఆపడమంటే నలిపివేయడం కాదు, పళ్లెంలో వదిలేస్తే దానంతట అదే ఆరిపోతుంది, నలిపితే ఇల్లంతా మాడు వాసన పట్టుకుంటుంది. మొత్తం మీద ఈ కొలత చుట్టకు దాదాపు గంట పడుతుంది.

ఇష్టంగా కాల్చేవాణ్ణే అయినా ఒక మాట దాచలేను. పొగ ఊపిరితిత్తుల్లోకి పీల్చం కాబట్టి చుట్ట వల్ల హాని లేదన్న మాట చాలామంది నోట వింటాను. అది నిజం కాదు. చుట్ట పొగలో క్షార గుణం ఉండడం వల్ల నికోటిన్ నోటి లోపలి పొరల ద్వారానే రక్తంలోకి పోతుంది, పెద్ద చుట్ట ఒక్కదానిలో ఉండే పొగాకు ఒక సిగరెట్ పెట్టె మొత్తానికి సమానం కావచ్చు, నోరు, గొంతు, అన్నవాహిక క్యాన్సర్లు పీల్చనివారికీ వస్తాయి. మన శ్రీకాకుళం, విశాఖ తీరంలో నిప్పు కొసను నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే స్త్రీలలో అంగిటి క్యాన్సర్ ఎక్కువన్నది వైద్యులు ఎంతోకాలంగా చెబుతున్నదే. నేను దీనిని పండుగ పిండివంటల లెక్కలో ఉంచుకున్నాను, అలవాటు లెక్కలో కాదు. అలవాటు లేనివారు దీనితో మొదలుపెట్టనవసరం అంతకన్నా లేదు. పిల్లలున్న ఇంట్లో, మూసిన గదిలో అసలే వద్దు. 2003 నాటి పొగాకు చట్టం ప్రకారం బహిరంగ ప్రదేశాల్లో కాల్చడం నేరం, పద్దెనిమిదేళ్లలోపువారికి అమ్మడం కూడా నేరమే. అందువల్ల హోటల్లో భోజనం చేసి అక్కడే వెలిగిద్దామన్న ఆలోచన పెట్టుకోకండి.

నకిలీల సంగతి. క్యూబా చుట్టలకు నకిలీలు విపరీతం. అసలు పెట్టె మీద ఆకుపచ్చ ప్రభుత్వ ముద్ర చీటీ ఉంటుంది. విడి చుట్టలను అసలు ధరలో పావు వంతుకు అమ్ముతామంటే అవి క్యూబా మట్టి చూసినవి కావు. మన దేశంలో అమ్మే పెట్టె మీద ఆరోగ్య హెచ్చరిక బొమ్మ పెద్దదిగా ముద్రించి ఉండాలి, అది లేని పెట్టె దొడ్డిదారిన వచ్చినదే. గల్ఫ్ నుంచి వచ్చే బంధువులతో తెప్పించుకునేవారు బ్యాగేజీ నియమాల్లో 25 చుట్టల హద్దు ఉందన్న సంగతి ముందే చెప్పి పంపాలి, లేకపోతే విమానాశ్రయంలో ఆ బంధువులు పడే ఇబ్బంది మీ పేరు మీదనే ఉంటుంది.

మళ్లీ కొంటానా అంటే, వానాకాలంలో కొంటాను. జూలై తరువాత మన గాలిలో తేమ పెరిగి చుట్టను దాచే చాకిరీ సగం తగ్గుతుంది, మిద్దె మీద కూర్చునే సాయంత్రాలూ దొరుకుతాయి. వేసవికైతే ఇదే వరుసలోని సీరీ డి నంబర్ 5 మేలు. లావు అదే 50 గేజీ, పొడవు 110 మిల్లీమీటర్లు మాత్రమే. కర్నూలు వేసవి సాయంత్రపు గాలి గంటసేపు నిలబడదు, ఈ చుట్ట అంతకు ముందే పూర్తవుతుంది. అంతకన్నా తక్కువ సమయం, తక్కువ దుడ్డు పెట్టాలనుకునేవారికి అదే పార్తగాస్ వారి షార్ట్స్ ఉంది, 42 గేజీ, 110 మిల్లీమీటర్లు. నిండుదనంలో అది నంబర్ 4కు ఒక మెట్టు కిందే ఉంటుంది, మిరియం మాత్రం తగ్గదు. ఎవరైనా నన్ను అడిగితే పెట్టె కొనకుండా విడిగా మూడు కొనమని చెబుతాను: ఒకటి వెంటనే, ఒకటి నెల రోజులు డబ్బాలో ఉంచి, ఇంకొకటి ఒక ఏడాది తరువాత. ఆ మూడవదాన్ని వెలిగించిన రోజు పెట్టె కొనాలో వద్దో వారికే తెలుస్తుంది.